బంతి వంపు

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. పొద్దున నీ ఫోటోకు దండ వేసి, నీ బిడ్డ సింధు వెంట నల్లగొండలో వాళ్ల కాలేజీ మైదానానికి పోయాను. అది లాన్ బౌల్స్ ఆడుతున్నది. గడ్డి మీద దూరంగా ఒక చిన్న తెల్లబంతి ఉంటుంది. మన పెద్ద బంతిని దొర్లించి దాని దగ్గర ఆపాలి.

"ఊకె నిలబడకు అమ్మమ్మా, నువ్వూ ఒకటి ఎయ్. ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పినవ్, గీ మాత్రం గురి కుదరదా?" అన్నది.

తెల్లబంతికి సూటిగా వేశాను. సగం దూరం తిన్నగా పోయి, చివర్లో పక్కకు తిరిగింది. మళ్లీ వేశాను, మళ్లీ అంతే. బంతిలో లోపముందన్నాను.

"బంతి మంచిగనే ఉన్నది టీచరమ్మా! దాన్ని చేసుడే గట్ల చేస్తరు. ఎటు తిరుగుతదో చూసుకొని, దానికి ఎదురు పక్కకు జర బయటికి ఎయ్యాలె. నువ్వు సక్కగ పొమ్మంటే అది పోదు."

మూడోసారి బయటికి వేశాను. వంపు తిరిగి వచ్చి తెల్లబంతికి జానెడు దూరంలో ఆగింది. సింధు చప్పట్లు కొట్టింది. తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీసి, నా మొహం చూడకుండా చేతికిచ్చింది. రాష్ట్ర పోటీలకు పంపడానికి ఇంటి పెద్దల సంతకం కావాలట. తారీఖు చూస్తే వారం కిందటిది.

"ఇన్నిరోజులు ఎందుకియ్యలేదు?"

"లెక్కల్ల మార్కులు తగ్గినయ్ గదా. తిడ్తవని."

పదో తరగతిలో నువ్వు ఖోఖో జట్టుతో హుజూర్‌నగర్ పోతానని తెచ్చిన కాగితం గుర్తుకొచ్చింది. లెక్కల్లో అరవై రెండే వచ్చాయని నేను సంతకం పెట్టలేదు. నువ్వు మళ్లీ అడగలేదు. ఆటా మానేశావు.

సింధుకు యాభై ఎనిమిది వచ్చాయి. సంతకం పెట్టాను.