బాలమల్లు మీద చెప్పిన సాక్ష్యం

శంషాబాద్,
3 జూన్ 1946

బావ ఈశ్వరయ్య గారికి,

మొన్న మీ చెల్లెలు కౌసల్య దినాలకు మీరు వచ్చినప్పుడు చెప్పలేకపోయాను. బుచ్చయ్యను మీరు కొట్టి చంపితే, బాలమల్లు చంపాడని పోలీసు అమీనుకు నేను సాక్ష్యం చెప్పాను. మనవి కుండమార్పిడి పెళ్లిళ్లు. మీరు జైలుకు పోతే మీ ఇంట్లో ఉన్న నా చెల్లెలు సత్తెమ్మ బతుకు ఏమవుతుందని భయపడ్డాను. కాలేజీ చదివినవాడి మాటని అందరూ నమ్మారు.

కౌసల్య నమ్మలేదు. "మా అన్న చేసిన పాపం మా అన్ననే మొయ్యాలె. గా బాలమల్లు ఏం జేసిండు?" అనేది. ప్రాణం పోయేముందు నేను తులసి నీళ్లు పోయబోతే పెదాలు బిగించింది. పక్కింటి ముత్తమ్మ పోస్తే తాగింది.

ఎల్లుండి అమీను దగ్గర నిజం చెబుతాను. సత్తెమ్మకు ఈ సంగతి మీరే చెప్పండి. నాకు ముఖం చెల్లడం లేదు.

మీ బావమరిది