గాటు లేని పిన్ను

విజయనగరం,
14-11-2024, గురువారం.

ఒరే త్రినాథ్,

యుగంధర్ రాస్తున్నాను. అసిరమ్మ అత్తకు నా నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని బళ్లో నేర్పిన వరసే కలం పట్టగానే చేతికొచ్చింది. రాసి కొట్టేశాను. నీ తమ్ముడు చినబాబు పోయి ఇవాళ్టికి పన్నెండో రోజు. మీ ఇంటికి ఆ మాట ఎలా రాయను?

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. నిన్న పదకొండో రోజుకి కళింగపట్నం వచ్చినప్పుడు కూడా నాతో ఒక్క మాటే అన్నావు. "గంగులు మావే నా తమ్ముణ్ణి సంపేసినాడురా" అని. నేను తల ఊపానో లేదో నాకే గుర్తు లేదు. భోజనానికి కూర్చోకుండా బస్సెక్కేశాను. ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో, ఇంట్లో కవరు కూడా లేదు. ఆఫీసు కవరు మీద కంపెనీ పేరు కొట్టేసి పంపుతున్నాను.

ముందు నా గోల కొంచెం విను. నీకు వినాలని ఉండదని తెలుసు, కానీ అసలు సంగతికి అటునుంచే రావాలి.

నా ఉద్యోగం ఏమిటో ఎన్నిసార్లు చెప్పినా కంప్యూటర్లో బొమ్మలు గీస్తాడనే అంటావు. సరే, అంతే అనుకో. తెరమీద బొమ్మ గీస్తాను, మిషన్‌కి పంపుతాను, మిషన్ దాన్ని ఇనుములో కోసి ఇస్తుంది. ఒకసారి చినబాబు మా కంపెనీకి వచ్చాడు, గుర్తుందా? మిషన్ అద్దంలోంచి చూసి, లోపల పడుతున్న తెల్లటి నూనెనీళ్లు చూసి, "ఇనుముకి పాలతో తానం సేయిస్తన్నావేటన్నా" అన్నాడు. ఫ్లోరులో ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. ఇప్పుడు ఆ మిషన్ దగ్గర నిలబడలేకపోతున్నానురా.

పదకొండేళ్లుగా రోజుకి నాలుగు వందల బుష్షులు, బళ్ల ఇరుసులకి తొడిగే గొట్టాలు. అవి ఎవరి బండిలోకి పోతాయో కూడా నాకు తెలియదు. మన ఊరివాడు చేత్తో పట్టుకునే వస్తువు ఒక్కటైనా చెయ్యాలని పిచ్చి పట్టింది. అప్పుడే మీ అన్నదమ్ములిద్దరూ ఆ పిన్నుని తిట్టుకోవడం విన్నాను. తెప్ప ఇంజనుకి నీళ్లలో తిరిగే పంకాని పట్టి ఉంచే పిన్ను, వేలెడు కూడా లేని ఇత్తడి ముక్క. వంశధార సముద్రంలో కలిసేచోట ఇసక మేట తగిలితే చాలు, పుటుక్కుమంటుంది. నెలకి మూడుసార్లు విరిగింది, నీళ్లలో వేలాడుతూ మార్చుకోలేక చస్తున్నాం అని మీ గోల. పాతికేళ్లుగా ఊరందరికీ అవి కోసి ఇచ్చేది గంగులు మావే. ఇంజనీరింగులో సీటు రాకముందే నాకు లేత్ పట్టించింది కూడా ఆయనే.

మావ చేసిన పిన్ను ఒకటి తెచ్చి కొలిచాను. దాని నడుం మీద ఆకురాయితో పడిన గాటు ఒకటి ఉంది. వయసు మీద పడింది, చెయ్యి జారిందిలే అనుకున్నాను. కంప్యూటర్లో గీసేటప్పుడు ఆ గాటు తీసేశాను. తెరమీదే దానికి బరువు వేసి చూస్తే నడుం దగ్గర ఎర్రగా వచ్చింది. ఎరుపంటే అక్కడ విరుగుతుందని లెక్క. ఇత్తడి మార్చి గట్టి స్టీలు పెట్టాను. పిన్ను మొత్తం నీలం అయిపోయింది. ఆ నీలం చూసి నేను పడ్డ సంబరం ఇంతా అంతా కాదు, టీకి కూడా లేవలేదు.

పది చేయించి మావ లేత్ షెడ్డుకి పట్టుకెళ్లాను. మావ ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి, వద్దు బాబూ అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను ఫోన్ చూసుకుంటున్నాను. ముసలాడికి కొత్తది పడదని ఒళ్లు మండింది. పదీ డబ్బాలో వేసుకుని వెనక్కి తెచ్చేశాను. ఇప్పటికీ నా సొరుగులోనే ఉన్నాయి.

ఇక అసలు సంగతి. చినబాబుతో ఉన్న ఇద్దరూ ఈదుకొచ్చి, ఇంజను దెబ్బతింది, తెప్ప అడ్డం తిరిగింది అని చెప్పగానే ఇంకెవరూ ఏమీ అడగలేదు. మావ పిన్నే అల మధ్యలో విరిగిందని తేల్చేశారు. ఆయనా అందరి ముందూ ఒప్పేసుకున్నాడు. "కడ్డీ నాసిదొచ్చినాది. నాదే తప్పు" అన్నాడు. ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఇరవై నాలుగో తేదీ ఆదివారం పెద్దలు కూర్చుని ఆయన షెడ్డు పీకించేస్తారట. ఒరే, డెబ్బై ఏళ్లవాడురా. ఆ లేత్ తప్ప ఆయనకి ఇల్లూ లేదు, మనుషులూ లేరు. చెయ్యి తప్పడం ఎవరికైనా ఉంటుంది. పోయింది నీ తమ్ముడు కాబట్టి నువ్వు వదిలెయ్యమంటే పెద్దలు కాదనరు. నీ కడుపుమంట నాకు తెలియక కాదు. అయినా ఆ ముసలాణ్ణి క్షమించెయ్యి. నా కోసమైనా ఆ ఒక్క మాట అను.

అత్తని వేళకి ఇంత తినమను.

ఇట్లు,
నీ యుగంధర్

తా.క. 16-11-2024, శనివారం.

కవరు అంటించి రెండు రోజులు సంచిలో పెట్టుకు తిరిగాను. ఇప్పుడు చింపి రాస్తున్నాను. పైన రాసిన దాంట్లో ఒక అబద్ధం ఉంది. నా సొరుగులో పది పిన్నులు లేవు, తొమ్మిదే ఉన్నాయి.

రెండో తేదీ మధ్యాహ్నం నేను షెడ్డులో ఉన్నాను. నా పిన్ను వద్దని చెప్పి మావ అన్నానికి వెళ్లాడు. చినబాబు ఇంజను భుజాన వేసుకుని పిన్ను కావాలని వచ్చాడు. నేనే, నా చేతులతోనే, నాది పెట్టి బిగించాను. ఇది ఇక విరగదురా తమ్ముడూ అన్నాను. వాడు నా వీపు మీద ఒకటి చరిచి వెళ్లిపోయాడు.

మర్నాడు మేట తగిలింది. పిన్ను విరిగి ఉంటే పంకా వదులైపోయి ఇంజను ఒట్టినే తిరిగేది, దాన్ని పైకెత్తేసి తెడ్డుతో ఒడ్డుకొచ్చేసేవాడు. అది విరగలేదు. పంకా ఇసకలో పట్టేసింది, ఇంజను ఎగిరింది, తెప్ప అలకి అడ్డం తిరిగింది. ఇదంతా నాకు మొదటి రోజే తెలుసు. తెలిసే నీ పక్కన నిలబడ్డాను. తెలిసే ఆ ముసలాణ్ణి క్షమించమని నీకు రాశాను. నా అంత సిగ్గులేనివాడు ఇంకొకడు ఉండడు.

ఇవాళ పొద్దున్న మావని ఓదార్చడానికని వెళ్లాను, చూడు నా బుద్ధి. ఆయన లేత్ కింద నుంచి గుడ్డమూట తీసి విప్పాడు. లోపల నా పిన్ను ఉంది. మొదటి రోజే, మీవాళ్లు ఇంజను షెడ్డుకి తెచ్చి పడేసినప్పుడు తీసేశాడట.

"ఇది నీ పెట్లో పెట్టీసుకో బాబూ. ఎవలకీ సెప్పను. నువ్వు సదూకున్నోడివి, నీకింకా బోలెడు బతుకున్నాది" అన్నాడు.

ఆ గాటు సంగతి అప్పుడు అడిగాను. ఆయనకి కోపం కూడా రాలేదు. "సెయ్యి జారి పడిందనుకున్నావేటి? ఇసక తగిల్తే అక్కడే ఇరగాలని నానే పెడతాను. ఇది ఇరగకపోతే ఇంకోటేదో ఇరుగుతాది కదా బాబూ" అన్నాడు. ఆ రోజు చెప్పబోయింది ఈ మాటే. నేను అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. ఆయనే లేపి నీళ్లిచ్చాడు.

ఈ ఉత్తరం రిజిస్టర్ పోస్టులో వేస్తున్నాను. ఇరవై నాలుగో తేదీన పెద్దల ముందు దీన్ని పూర్తిగా చదివించు. ఆ పొద్దున్న మొదటి బస్సుకి నేనూ వస్తాను. ఊరు నన్నేం చేసినా, నువ్వేం చేసినా సరే, మాట్లాడను. మావ షెడ్డు మీద మాత్రం ఎవరి చెయ్యీ పడనివ్వకు.

కవరులో రెండు పిన్నులు పెట్టాను. గాటు ఉన్నది మావది. రెండోది చినబాబు ఇంజనులోంచి తీసింది. వెలుతురులో తిప్పి చూడు, ఎక్కడా విరగలేదు.