ప్రార్థన గొలుసులో బ్రిట్టా పేరు

హార్లన్‌ఫాల్స్, అయోవా
డిసెంబరు రెండో ఆదివారం

చిరంజీవి నెల్స్‌కు అమ్మ దీవెనలు.

ఇక్కడ నాన్న, నేను, చెల్లెలు, కుక్క అందరం కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నీ ఓడా కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. నీ ఉత్తరం బుధవారం అందింది. ఓడలో ఇంటర్నెట్ కట్టేసిన రోజుల్లో బంకు మంచం మీద పడుకుని చదువుకోవడానికి కాగితమే హాయి అని రాశావు కదా, అందుకే ఈసారి పొడుగ్గా రాస్తున్నాను. నా చేతిరాత మీద వెక్కిరింపులు మాత్రం అక్కడే ఉంచుకో.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నాన్న నడుము పర్వాలేదు. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. ఆయన ఎత్తుతూనే ఉన్నారు, తర్వాత మూలుగుతూనే ఉన్నారు. మొక్కజొన్న కోత అయిపోయింది, గింజలు గాదెలకు చేరాయి. నువ్వు అడిగిన ఎండుమాంసం పొట్లాలు పార్సిల్‌లో వేశాను. వాటి మీద నీ పేరు పెద్ద అక్షరాలతో రాశాను, పోయినసారి సగం నీ స్నేహితులే తినేశారన్నావు కాబట్టి. ఆ కనెక్టికట్ కుర్రాడికి మాత్రం ఒకటి ఇవ్వు. ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి జనం విరగబడటం వాళ్ళ రాష్ట్రంలోనే మొదలైందని గొప్పలు పోతున్నాడట. మీ అమ్మమ్మ ఆడే రోజుల్లో ఇక్కడ ఆట ఉన్న సాయంత్రం దుకాణాలు కట్టేసేవారని చెప్పు. అప్పట్లో జట్టుకు ఆరుగురు. ముగ్గురు బంతి వేసేవాళ్ళు, ముగ్గురు అడ్డుకునేవాళ్ళు, ఎవరూ సగం గీత దాటకూడదు. ఆ పద్ధతి పోయాక మెల్లగా జనమూ పలచబడ్డారు. నా చిన్నతనంలో కాలేజీ జిమ్‌లో ఆడపిల్లల ఆటకి వెళ్తే కోటు పెట్టుకోవడానికి ఒక కుర్చీ, కాళ్ళు చాపుకోవడానికి ఇంకో కుర్చీ దొరికేవి.

ఇక నువ్వు అసలు అడిగిన ప్రశ్న. కాలేజీ జట్టుకి పేరు తెచ్చిన కోరిన్ డైక్‌స్ట్రా చదువయ్యి వెళ్ళిపోయింది కదా, జిమ్ ఇంకా నిండుతోందా, చెల్లి ఎలా ఆడుతోంది అని. రెండు ముక్కల్లో తేలే జవాబు కాదు.

కోరిన్ ఆఖరి ఏడాది నువ్వు చూడలేదు. మధ్యాహ్నానికే జిమ్ తలుపు దగ్గర వరస మొదలయ్యేది. మూడు రాష్ట్రాల నంబర్ ప్లేట్లు కనిపించేవి పార్కింగ్‌లో. చిన్నపిల్లలందరి చొక్కాల మీదా ఆ అమ్మాయి నంబరే. పదేళ్ళుగా ఒకే బెంచీలో కూర్చున్న మేము కూడా ముందుగా వెళ్ళి కోటు పరిచి చోటు పట్టుకోవలసి వచ్చేది. కాలేజీలో చేరిన మూడేళ్ళూ మన బ్రిట్టా ఆ అమ్మాయి వెనకే, అదే స్థానానికి, బెంచీ మీద కూర్చుంది. తువ్వాలు అందించింది, చప్పట్లు కొట్టింది, ఆట తేలిపోయాక చివరి రెండు నిమిషాలు ఆడింది. ఒక్కనాడూ మూతి ముడవలేదు. ఈ ఏడు తనది. మొదటి ఐదుగురిలో పేరు చదివారు.

మొదటి ఆటకి వెళ్తే సగం కుర్చీలు ఖాళీ.

తమాషా ఏమిటంటే టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. మార్చిలో కోరిన్ చివరి ఆట అయ్యీ కాకముందే, చోటు పోతుందేమోనన్న భయంతో జనం ఈ ఏటి సీజన్ టికెట్లు కొనేసుకున్నారు. తర్వాత ఇంట్లో కూర్చున్నారు. నీకు చిన్నప్పుడు జుట్టు కత్తిరించిన వెర్న్ గారు ఇప్పటికీ మైకు దగ్గరే ఉన్నారు. మూడో క్వార్టర్ అయ్యాక హాజరు చదవడం ఆయన పని కదా. కాలేజీ లెక్క అమ్మిన టికెట్లది, వచ్చిన మనుషులది కాదు. ఆయన పాపం ఇచ్చింది ఇచ్చినట్టే చదివారు: "ఈ సాయంత్రం హాజరు మూడు వేల రెండు వందలు. హౌస్ ఫుల్." అవతలి జట్టు బెంచీ మీద పిల్లలు ఖాళీ కుర్చీల వైపు చూసి కిసుక్కున నవ్వారు. బ్రిట్టా వెంటనే రెండు ఫ్రీ త్రోలు పోగొట్టింది.

"టికెట్ కొన్న కుర్చీ చప్పట్లు కొడుతుందా?" అన్నారు మీ నాన్న, మా చుట్టూ ఉన్న నలుగురికీ వినపడేట్టు. నేను మోచేత్తో పొడిచాను.

ఆ రాత్రి బ్రిట్టా హాస్టల్‌కి పోకుండా ఇంటికి వచ్చి వంటింట్లో బూట్లు కూడా విప్పకుండా కూర్చుంది.

"వాళ్ళు ఆటకి రాలేదమ్మా ఇన్నాళ్ళూ. కోరిన్‌కి వచ్చారు."

"ఒక్క ఆటకే అలా అనేస్తే ఎలాగే?"

"ఒక్క ఆట కాదు. నాలుగేళ్ళు పొద్దున్నే అయిదింటికి లేచి పరిగెత్తింది కుర్చీలకి చూపించడానికా? క్రిస్మస్ అయ్యాక మానేస్తాను. కోచ్‌కి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

చదువయ్యాక పిల్లలకు ఆట నేర్పే పనిలోకి వెళ్తానన్న మనిషి ఇది. ఆ మాట ఎత్తితే, "ఎవరూ చూడని ఆట ఎవరికి నేర్పను?" అంది.  దాని మొండితనం నీకు తెలుసు కదా, ఎనిమిదేళ్ళప్పుడు పియానో మానేస్తానంది, మళ్ళీ ముట్టుకోలేదు.

ఇక్కడ కొంచెం ఆగి కాఫీ తెచ్చుకున్నాను. ఎందుకంటే ఇప్పుడు రాయబోయేది నాన్నకి, పాస్టర్ గారికి, చర్చిలో అందరికీ తెలుసు. నీకొక్కడికే చెప్పలేదు. పోయిన ఉత్తరంలో దాటేశాను. ఎవరో ఒకరు చెప్పేలోగా నేనే చెప్పేస్తాను.

ఈ ఏడు మన చర్చి ప్రార్థన గొలుసుకి మొదటి కొస నేనే. ఎవరికైనా జబ్బు చేసినా, ఎవరైనా పోయినా పాస్టర్ గారు నాకు చెప్పడం, నేను తర్వాతి ఇంటికి ఫోన్ చేయడం, వాళ్ళు ఆ తర్వాతి ఇంటికి. గంటలో ఊరంతా మోకాళ్ళ మీద ఉంటుంది. రెండో ఆట శనివారం. గురువారం పొద్దున గిన్నెలు కడుగుతూ కడుగుతూ చేతులు తుడుచుకుని ఫోన్ తీశాను. "మా బ్రిట్టాకి మీ అండ కావాలి. శనివారం వీలు చేసుకుని జిమ్‌కి రండి. ఈ మాట మిగతావాళ్ళకి చెప్పండి" అన్నాను. అబద్ధం ఒక్కటి లేదు అందులో.

కాని ఆ గొలుసులో ఇంతవరకు జబ్బు, చావు తప్ప ఇంకో కబురు నడవలేదు కదా. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి గుమ్మం ముందు ఏడు కాసరోల్ గిన్నెలు, చావు జరిగిన ఇంటికి వండి పంపినట్టు. మూతల మీద అంటించిన టేపు మీద పేర్లు. బంగాళదుంపలవి, నూడిల్స్‌వి, పచ్చి చిక్కుడుకాయలవి. మీ నాన్న పొలం నుంచి వచ్చి వాటిని చూసి టోపీ తీశారు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. తినండి."

శనివారం మన చర్చి వాళ్ళంతా వచ్చారు. పాస్టర్ గారు ముందు వరసలో. అందరూ ఆదివారం బట్టల్లో, గొంతు పెంచకుండా. బ్రిట్టా బంతి కోసం ఒక్కసారి నేల మీద పడితే రెండు వరసల ఆడవాళ్ళు గుండెల మీద చేతులు వేసుకుని లేచి నిలబడ్డారు. అది లేచి పరిగెత్తితే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.  జరిగింది నాకప్పటికి అర్థమైంది. ఆట మధ్యలో లేచి ఎవరికని చెప్పను?

ఆట అవగానే ఆర్డిస్ మామ్మ కోర్టు మీదకి వెళ్ళింది. పెట్రోలు బంకు వెనక ఇంట్లో ఉంటుందే, ఆ ఆర్డిస్ మామ్మే. డెబ్బై ఎనిమిదేళ్ళావిడ, ఊతకర్రతో. బ్రిట్టా రెండు చేతులూ పట్టుకుని, "ఈ స్థితిలో కూడా ఆడావంటే నీ గుండె ధైర్యానికి దండం పెట్టాలే తల్లీ" అంది. నీ చెల్లెలు ఆవిడ భుజం మీదుగా తిన్నగా నా వైపు చూసింది.

కారు ఎక్కగానే అడిగింది.

"అమ్మా, నాకేం రోగం?"

చెప్పాను. మీ నాన్న స్టీరింగు పట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయారు, భుజాలు అదురుతున్నాయి. నవ్వుతున్నారని దానికీ తెలుసు. అది మాత్రం నవ్వలేదు.

"నాకోసం జనాన్ని అడుక్కున్నావా? అదీ దేవుడి పేరు చెప్పి?"

"అడుక్కోలేదే. పిలిచాను."

"ఖాళీ కుర్చీలే నయం. అవి కనీసం నన్ను చూసి జాలిపడలేదు."

హాస్టల్ దగ్గర దిగిపోయింది. తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. నేను అదే గొలుసులో మళ్ళీ ఫోన్ చేసి, బ్రిట్టా గుండ్రాయిలా ఉంది, ప్రార్థించాలంటే నా బుద్ధి కోసం ప్రార్థించండి అని చెప్పాను. పాస్టర్ గారు ఫోన్ పెట్టేసేముందు నవ్వు ఆపుకోలేక తుమ్మినట్టు ఒక శబ్దం చేశారు. గిన్నెలు కడిగి ఎవరివి వాళ్ళకి తిప్పి ఇచ్చాను. ఏడు ఇళ్ళ గుమ్మాల ముందు నిలబడి అదే మాట ఏడుసార్లు చెప్పడం ఎంత శిక్షో నీకు చెప్పలేను.

నిజం చెప్తున్నాను నెల్స్. ఆ ఖాళీ కుర్చీలు బ్రిట్టాని ఎంత కోశాయో నన్నూ అంతే కోశాయి. మూడేళ్ళు పక్కవాళ్ళ పిల్లకి చప్పట్లు కొట్టాను, మనస్ఫూర్తిగానే కొట్టాను. మన పిల్ల వంతు వచ్చేసరికి నాకూ ఆ హోరు కావాలనిపించింది. దానికోసమని చెప్పుకున్నాను కాని, సగం నాకోసమే.

ఇప్పుడు నిన్నటి సంగతి. మధ్యాహ్నం నుంచి వాన పడుతూనే గడ్డకట్టింది. రోడ్లు అద్దాల్లా ఉన్నాయి. అవతలి జట్టు బస్సు ముందురోజే వచ్చేసింది కాబట్టి ఆట ఆపలేదు. నేను గొలుసులో ఫోన్ చేశాను, ఈసారి పాస్టర్ గారు చెప్తేనే. "ఎవరూ బయటికి రావద్దు, ఆటకి అసలు రావద్దు, ముసలివాళ్ళకి గట్టిగా చెప్పండి" అని. మేమిద్దరం బూట్లకి మేకుల పట్టీలు తగిలించుకుని, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని నడిచి వెళ్ళాం.

జిమ్‌లో మనుషులు దూరం దూరంగా కూర్చున్నారు. నేను తల ఎత్తి చూడలేదు, మన బ్రిట్టా వైపే చూస్తూ కూర్చున్నాను. బాగానే ఆడింది. మూడో క్వార్టర్ అయ్యాక వెర్న్ గారు మైకు అందుకున్నారు.

"కాలేజీ వాళ్ళు ఇచ్చిన లెక్క మీ అందరికీ తెలుసు, మళ్ళీ చదవను. నేను తలలు లెక్కపెట్టాను. రెండు వందల పదకొండు. నన్ను కూడా కలుపుకోండి, నేనూ జారి పడే వచ్చాను."

జనం నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు, ఒకళ్ళ వైపు ఒకళ్ళు చూసుకుని. అప్పుడే నేనూ తల ఎత్తి చూశాను. కాలేజీ పిల్లలు, రైతుల కోఆపరేటివ్‌లో ధాన్యం తూకం వేసే ఇద్దరు, పాత బెంచీ వాళ్ళు సగం మంది, ఇద్దరు చిన్నపిల్లల్ని ఎత్తుకుని ఒక జంట. వాళ్ళని నేను ఎరగను.

నాలుగు పాయింట్లతో ఓడిపోయాం.

బ్రిట్టా తువ్వాలు మెడలో వేసుకుని మా దగ్గరికి వచ్చింది. పదిహేను రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇది.

"ఎంతమందికి ఫోన్ చేశావు?"

"అందరికీ. రావద్దని."

"రావద్దంటే వచ్చారా?"

"నన్నడుగుతావేం? వాళ్ళనడుగు."

ఇంతలో ఊతకర్ర చప్పుడు. ఆర్డిస్ మామ్మ. ఆ మంచులో ఎలా వచ్చావని నేను అరిచినంత పని చేశాను. తమ్ముడి కొడుకు ట్రాక్టర్ మీద తెచ్చాడట. ఆవిడ నా వైపు చూడనేలేదు.

"ఇదిగో పిల్లా. పోయినసారి నీకు జబ్బని వచ్చాను, తప్పులు ఎత్తలేదు. ఇవాళ ఆట చూద్దామని వచ్చాను, అందుకని చెప్తున్నా. ఆ పొట్టి పిల్ల ఎడమవైపు నుంచి అయిదుసార్లు నిన్ను దాటిపోయింది. పాదం ముందు కదుపుతున్నావు, నడుము తర్వాత తిప్పుతున్నావు. నడుము ముందు తిరగాలి. ఆరుగురి ఆటలో నాలుగేళ్ళు అడ్డుకోవడమే నా పని, ఒక్క బంతి వెయ్యనివ్వలేదు నన్ను. కానీ నన్ను దాటి ఎవత్తీ పోలేదు."

బ్రిట్టా మొహం ఎర్రబడింది. "అయిదు కాదు మామ్మా, నాలుగు" అంది.

"అయిదు. ఒకటి రెఫరీ ఈల వేశాడు కాబట్టి నీకు గుర్తులేదు."

ఇద్దరూ అక్కడే గీత దగ్గర నిలబడి వాదులాడుకున్నారు. ఆవిడ కర్ర నాకిచ్చి, బ్రిట్టా భుజం పట్టుకుని, నడుము ఎలా తిప్పాలో చూపించింది. దీపాలు ఆర్పే మనిషి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. మీ నాన్న మళ్ళీ మొహం తిప్పుకుని జిమ్ కిటికీ వైపు చూశారు. ఈసారి నవ్వు కాదని నేను అనుకుంటున్నాను, అడగలేదు.

క్రిస్మస్ తర్వాత సంగతి బ్రిట్టా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇవాళ చర్చి నుంచి రాగానే ఫోన్ చేసింది. నాకు క్షమాపణ చెప్తుందేమో, లేక నన్ను చెప్పమంటుందేమో అనుకుంటూ ఎత్తాను. "అమ్మా, ఆర్డిస్ మామ్మ ఇంటి నంబరు కావాలి. ఆవిడని మంగళవారం ప్రాక్టీసుకి తీసుకెళ్తానని కోచ్‌కి చెప్పేశాను" అని పెట్టేసింది.

మంచు మీద జాగ్రత్తగా నడవమని నీకు చెప్పక్కర్లేదు, మీ దగ్గర అంతా నీళ్ళే. వేళకి తిను, వీలైతే చెల్లికి రెండు ముక్కలు రాయి. రోగం ఎలా ఉందని మాత్రం అడగకు.

ఇట్లు,
నీ క్షేమమే కోరుకునే,
ఇక నుంచి ఫోన్ ముట్టుకునేముందు ఆలోచించే
మీ అమ్మ