మా క్యాండిడేట్‌తో నా పెళ్ళి సందర్భంగా

సింగపూర్, టాంపినీస్‌లో కాపురముంటున్న చాముండేశ్వరి అను నేను, కీర్తిశేషులు జనార్ధనరావుగారి భార్యను, బెడోక్‌లో చిన్న రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ యజమానురాలిని, నా అరవై ఒకటో ఏట, ఒకరి బోధన గాని బలవంతం గాని లేకుండా, నా బుద్ధి నా దగ్గరే ఉండగా రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి దగ్గరే ఉందని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఈ మధ్య నేను లిఫ్టులో పాటలు పాడుతున్నాను. ఒకరోజు మార్కెట్‌కు రెండు వేర్వేరు చెప్పులు వేసుకుని వెళ్ళి, మెంతికూరతో పాటు నవ్వుకుంటూ తిరిగి వచ్చాను. నా కూతురు నిఖిల "అమ్మా, యూ ఓకే ఆర్ నాట్?" అని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు అంతా చూసి, బీపీ ఎన్నడూ లేనంత బాగుందన్నాడు.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు. శ్రీ విశ్వనాథంగారితో జరగబోయే నా వివాహాన్ని దృష్టిలో ఉంచుకునే దీన్ని రాస్తున్నాను గనుక, ఆ పెళ్ళి వల్ల ఇది రద్దు కాదు. ఇక్కడి చట్టం ప్రకారం పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా చెల్లదట, ఈ మాట అందులో ముందే రాసుకుంటే తప్ప. లాయరు ఉదయ్‌కిరణ్ ఈ సంగతి చాలా గంభీరంగా వివరిస్తుంటే నాకు నవ్వాగలేదు. "ఆంటీ, ఇది సీరియస్ విషయం" అన్నాడు. నేనూ సీరియస్‌గానే చేసుకుంటున్నాను బాబూ అన్నాను.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కూతురు నిఖిలది. ఎవరితోనైనా పేచీ వస్తే ఆమె మాటే ఆఖరు. చిన్నప్పటి నుంచీ అంతే, ఇప్పుడు కాగితం మీద కూడా పెట్టాను.

3. టాంపినీస్ ఫ్లాటు పూర్తిగా నిఖిలకే. అది సెంబవాంగ్ షిప్‌యార్డులో ఎండా వానా చూడకుండా పనిచేసి వాళ్ళ నాన్న కొన్న ఇల్లు. ఆయన పసుపుపచ్చ హెల్మెట్ ఇంకా వంటింటి అలమర పైన ఉంది. వాన వస్తే దాన్ని నెత్తిన పెట్టుకుని బడి బస్సు దాకా పరుగెత్తేది నా కూతురు. ఆ హెల్మెట్ కూడా ఆమెదే. ఫ్లాటు సంగతిలో విశ్వనాథంగారు నాకన్నా ముందే మాట్లాడారు. "అది ఆయన చెమట. నాకు దాంట్లో కాఫీ తాగే హక్కుంటే చాలు" అన్నారు.

4. బెడోక్‌లోని ఏజెన్సీని, లైసెన్సు తన పేర మార్పించుకున్న మీదట, అక్కడ నాతో పనిచేసే భువన తీసుకోవాలి. పేరు మార్చినా నాకు అభ్యంతరం లేదు. నా తరువాత దాని మీద హక్కు ఉన్నది ఆమె ఒక్కదానికే. ఎందుకో రాస్తాను.

గడ్డుకాలం వచ్చినప్పుడు కంపెనీలు మనుషులను తీసుకోవడం మానేశాయి. తీసెయ్యడం మాత్రం మానలేదు. మా మెట్ల మీద ఉద్యోగం పోయినవాళ్ళు వరుస కట్టి కూర్చునేవారు. వాళ్ళను పంపడానికి చోటే లేదు. మా అంతస్తులో ట్యూషన్ సెంటర్ మూసేశారు, ట్రావెల్స్ మూసేశారు. ఫోన్ ఎంతకూ మోగకపోతే, పనిచేస్తోందో లేదో చూద్దామని భువన పక్క గదిలోంచి మా నంబరుకే చేసేది. అది మోగగానే నేను ఎగిరి గంతేసి తీసేదాన్ని. చివరికి ఒకనాడు ఆమెను కూర్చోబెట్టి, నువ్వైనా వేరే ఉద్యోగం వెతుక్కో అమ్మా అన్నాను. "ఎక్కడ వెతుక్కోమంటారు ఆంటీ? ఉద్యోగాలు చూపించేది మనమే కదా!" అంది. ఇద్దరం నవ్వీ నవ్వీ ఏడ్చాం. జీతం సరిగా ఇవ్వలేని ఆ రోజుల్లోనూ తాళం తీసింది ఆమే. అందుకే ఏజెన్సీ ఆమెది.

5. నా పేర బ్యాంకులో ఉన్న పొదుపులో సగం విశ్వనాథంగారికి, సగం నిఖిలకు. ఏజెన్సీ ఖర్చుతో ఇంటర్వ్యూల కోసం కొన్న టైలన్నీ విశ్వనాథంగారికే. ముదురు ఎరుపుది నేను ఎంచినది. అది ఆయనకు బాగుంటుంది.

ఈయన ఎవరు, ఎలా వచ్చారు అని బంధువులు అడుగుతున్నారు గనుక ఇక్కడే రాసి పెడుతున్నాను. విశ్వనాథంగారిది నంద్యాల. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఒక షిప్పింగ్ కంపెనీలో సరుకు రవాణా మేనేజరుగా ఉండేవారు. ఆ విభాగాన్నే ఎత్తేసి ఆయనను ఇంటికి పంపారు. రిటైర్మెంటుకు ఇంకా సమయం ఉన్నా, కొత్తగా చేర్చుకోవడానికి ఎవరూ ముందుకు రాని వయసు. నేను పంపిన ప్రతి చోటా "అనుభవం మరీ ఎక్కువ" అనేవారు. ముసలివాడని అనలేక చెప్పే మాట అది.

మొదటి ఇంటర్వ్యూ ఒక గోదాము కంపెనీలో. అది అయ్యాక ఆయన నేరుగా మా ఆఫీసుకు వచ్చి టై వదులు చేసుకుంటూ అన్నారు: "మేడమ్, ఆ ఉద్యోగం నాకు పడదు. నా పక్కన ఒక మలయ్ పాప కూర్చోనుండె. ఆ పాపకైతే బాగా సరిపోతాది. పని తెలిసిన పిల్ల. భయపడి లోపలికి పోకుండానే ఎల్లిపోయింది. ఇదిగో నంబరు." నేను ఆ అమ్మాయికి ఫోన్ చేశాను, కంపెనీని బతిమాలాను, ఇంకోసారి పిలిపించాను. ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఎన్నో నెలల తరువాత అది మా మొదటి ప్లేస్‌మెంట్. భువన టేబులెక్కి డాన్స్ చేసింది.

అప్పటినుంచి అదే తంతు. ఈయన ఇంటర్వ్యూకు వెళ్తారు, ఉద్యోగం రాదు, కానీ వట్టి చేతులతో రారు. వెయిటింగ్ రూములో ఎవరు దేనికి పనికొస్తారో కనిపెట్టి తెచ్చేవారు. "వాళ్ళకు మేనేజరు అక్కర్లేదు మేడమ్. డ్రైవర్లతో కొట్లాడకుండా మాట్లాడే మనిషి కావల్ల" అని కంపెనీ గుట్టు కూడా చెప్పేవారు. ఇంటర్వ్యూలు లేని రోజుల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, మెట్ల మీదివాళ్ళతో కబుర్లాడేవారు. ఆ కబుర్లలోంచి కూడా ఉద్యోగాలు పుట్టేవి. ఏజెన్సీ మెల్లగా ఊపిరి పీల్చుకుంది. "ఆంటీ, అంకుల్‌కి ఉద్యోగం దొరికితే మనం మునిగిపోతాం" అని భువన జోక్ చేసేది. నేను నవ్వేదాన్ని. ఆ నవ్వులో ఏజెన్సీ సంగతి ఒక్కటే లేదని నాకు తెలుసు.

దొరికింది. జురాంగ్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ, కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పడానికి ఆయనే కావాలని నాకు మెయిల్ పెట్టింది. చదివి కిందికి వెళ్ళి ఒక కోపీ, అదే ఇక్కడి కాఫీ, కొనుక్కుని, తాగకుండా దాన్ని అలాగే పట్టుకుని పైకి వచ్చాను. ఆయన వెళ్తే ఆ కుర్చీ ఖాళీ. ఏజెన్సీ ఏమవుతుందో, నేనేమవుతానో తెలియదు. అయినా మనిషికి వచ్చిన ఉద్యోగాన్ని మనిషికి చెప్పకపోతే ఇక బయట ఏజెన్సీ అని ఆ బోర్డు ఎందుకు? ఫోన్ చేసి కంగ్రాట్యులేషన్స్ అన్నాను. ఆయన జీతం ఎంతో కూడా అడగలేదు. "మీరేమంటారు మేడమ్?" అన్నారు. చేరండి అంటాను అన్నాను. చేరారు.

మొదటి రోజు డ్యూటీ దిగి, మెడలో కంపెనీ కార్డుతోనే మా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డారు. "మేడమ్, ఇంక నేను మీ క్యాండిడేట్‌ని కాను గదా?" అన్నారు. కారన్నాను. "కంప్యూటర్‌లోంచి నా పేరు తీసేసినారా?" అన్నారు. తీసేశామన్నాను. "అయితే ఇప్పుడు అడగొచ్చు. ఉద్యోగం ఇప్పించమని వచ్చినోడు, ఆ మేడమ్‌నే నన్ను పెళ్ళి చేసుకోమని అడిగితే బాగుండదు గదా. అందుకే ఆగినాను" అన్నారు. ఎన్ని వందల మందిని ఇంటర్వ్యూ చేశానో, అప్పుడు నాకు తోచింది ఆ పాత ప్రశ్న ఒక్కటే. రిఫరెన్సులున్నాయా అన్నాను. అల్మారా వెనకనుంచి భువన అరిచింది: "అంకుల్ ఫస్ట్ క్లాస్ ఆంటీ! సైన్ చెయ్యండి!"

ఏజెన్సీ మునగలేదు. ఆయన తెచ్చినవాళ్ళంతా ఇప్పుడు తలా ఒక కంపెనీలో కుదురుకున్నారు, మనుషులు కావలసినప్పుడు మాకే ఫోన్ చేస్తున్నారు. ఆ మలయ్ అమ్మాయి సూపర్‌వైజరైంది. "ఆంటీ, టూ పీపుల్, ఫాస్ట్ ఫాస్ట్, క్యాన్?" అని ఆర్డరేస్తుంది. క్యాన్ అంటాను.

6. నా కెంపుల గాజులు నిఖిలకు. పెళ్ళి మాట విన్న రోజున ఆమె "అమ్మా, పీపుల్ విల్ టాక్ లా" అని, ఇక్కడి యాసలో చివర "లా" తగిలించి మరీ చెప్పి, వారం పాటు నాతో పలకలేదు. తరువాత ఆదివారం, చూద్దాం ఈ మనిషినని, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు రమ్మంది. మేము వెళ్ళేసరికి విశ్వనాథంగారు ఫ్యాన్ కింది టేబుల్ మీద, చోటు పట్టే ఇక్కడి పద్ధతిలో టిష్యూ ప్యాకెట్ పెట్టి, పక్కనే సెంట్రీలా నిలబడి ఉన్నారు. "అంకుల్, చోప్ చేశాక ఇంక ఎవరూ కూర్చోరు లా! కాపలా అక్కర్లేదు" అని నవ్వింది నిఖిల. "నాకు నమ్మకం లేదమ్మా. మీ అమ్మకు ఉక్కపోత పడదు" అన్నారాయన. నిఖిల వెళ్ళి అందరికీ భోజనం తెచ్చింది. తరువాత ఆయన ప్లేటులోకి తన చేప ముక్క వేసింది. గాజులు అప్పుడే ఇచ్చేద్దామనుకున్నాను. పెళ్ళిలో వేసుకోవాలి గనుక ఆగాను.

7. మా ఆడపడుచు కమలాదేవి వదినకు, పెద్ద సైజు నా రెండో పెళ్ళి ఫొటో, ఫ్రేముతో సహా. "ఈ వయసులో సిగ్గుండాలి" అన్నది ఆమే. హాల్లో, టీవీ పైన పెట్టుకోవాలని షరతు. మొదటి పెళ్ళిలో నా పట్టుచీరకు ఆమె వంక పెట్టింది. ఈసారి చీర ఏదో ఆమెకు ముందుగా చూపించేది లేదు.

8. నేను పోయిన రోజున ఏజెన్సీ మూయకూడదు. ఆ పూట ఎవరికో ఇంటర్వ్యూ ఉండవచ్చు.

9. సాక్షుల విషయం. వీలునామాలో ఏదైనా పొందేవారు సాక్షి సంతకం పెట్టకూడదట. నాకు ఇష్టమైనవాళ్ళందరికీ ఏదో ఒకటి రాసేశాను. కాబట్టి నేను ఏమీ ఇవ్వదలచుకోని మనిషి కోసం ఆలోచిస్తే, రోడ్డుకు అవతల ఏజెన్సీ నడిపే నూకరాజు గుర్తుకొచ్చాడు. గడ్డుకాలంలో, నేను దుకాణం కట్టేస్తున్నానని చెప్పి మా పాత క్లయింటును లాక్కున్నవాడు. మాదీ అతనిదీ అనకాపల్లే. ఫోన్ చేస్తే "నాకేటీ రాయనేదా అప్పా?" అన్నాడు, మా వైపు అప్ప అంటే అక్క. రాయలేదు, అందుకే పిలుస్తున్నాను అన్నాను. అటు నుంచి ఒకటే నవ్వు. తన షాపు కూడా కష్టంలో ఉన్నప్పుడు అలా చేశానని, తప్పయిపోయిందని, సంతకానికి ఎక్కడికి రమ్మన్నా వస్తానని అన్నాడు. వచ్చాడు. ఈ పక్క కుర్చీలోనే కూర్చుని, భువన పెట్టిన బజ్జీలు తింటున్నాడు. పెళ్ళికీ పిలిచాను. భోజనం ఆస్తి కిందికి రాదని ఉదయ్‌కిరణ్ హామీ ఇచ్చాడు.

10. పైన చెప్పని నా వస్తువులేమైనా మిగిలితే, నిఖిలా భువనా పోట్లాడుకోకుండా పంచుకోవాలి. పోట్లాడుకున్నా నవ్వుకుంటూ పోట్లాడుకోవాలి.

దీన్ని అమలు పెట్టడానికి ఎవరూ తొందరపడవద్దని మనవి. వచ్చే శనివారం పొద్దున నా పెళ్ళి. సోమవారం నాకు కొత్త క్యాండిడేట్లు ఉన్నారు.

ఇది చదివించి విని, ఇద్దరు సాక్షుల ఎదుట నా చేతులారా చేసిన సంతకం.

2025 ఆగస్టు 12, మంగళవారం, సింగపూర్

(సంతకం) చాముండేశ్వరి

సాక్షులు:
1. నూకరాజు, ఏజెన్సీ యజమాని, బెడోక్
2. ఉదయ్‌కిరణ్, న్యాయవాది