కాయ పట్టని కనకాంబరం

బళ్ళారి,
12-11-1989

చి. ల. సౌ. పంకజాక్షికి చిన్నన్న ఆశీస్సులు. నా మోకాళ్ళు తప్ప ఈ ఇంట్లో అందరూ క్షేమం. ఆదోనిలో మీ ఇంటిల్లిపాదీ బాగున్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాను.

పందొమ్మిదేళ్ళ కిందట రూపనగుడి తోటలో, కొత్తగా వేసిన కనకాంబరం మడి ముందు నిలబడి మన అన్న పంపాపతి, "రాజూ, వచ్చే ఏడు దీని విత్తనం నీకు పంపిస్తా" అని మాటిచ్చి తప్పిన సంగతి నీకు నూరుసార్లు రాసి ఉంటాను. ఇది నూటొకటోసారి. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ముందు నీ ప్రశ్నలు. కనకాంబరానికి వాసన ఉండదు, నిజమే. కానీ గొప్పలు పోయే మల్లె సాయంత్రం విచ్చి తెల్లారేసరికి వాడిపోతుంది. ఇది రెండో రోజు కూడా జడలో వడలదు. ఎండ మరీ ముదిరితే రంగు వెలుస్తుంది కనుక, మీ కొబ్బరిచెట్టు నీడ కాస్త తగిలే చోట నాటు. ఎర్రమట్టిలో పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపితే వేరుకు పురుగు పట్టదు. మీ ఆయన చెప్పినట్టు రోజూ రెండు బిందెలు గుమ్మరిస్తే వేరు కుళ్ళుతుంది. ఆయన చేతిలో మీ కరివేపాకు చెట్టు ఏమైందో నేను మరచిపోలేదు. కంకిలో పూలు కిందినుంచి పైకి వరసగా విచ్చుతాయి. రోజు విడిచి రోజు పొద్దున్నే కోయాలి.

మా పెరట్లో ఇప్పుడు నలభై మొక్కలున్నాయి. కాఫీ లోటా పట్టుకుని వాటి ముందు కూర్చుంటే, ఎవరి మీద కోపమో గుర్తుకు రావడానికి అరగంట పడుతోంది.

వీటి కొమ్మలు తెచ్చి నాటింది సంగనకల్లు నుంచి పనికి వచ్చే భీమక్క. మొన్న నేను భూతద్దం పెట్టి కంకులు వెతుకుతుంటే నవ్వింది.

"ఏం ఎతుకుతాండావప్పా?"

"కాయ. నాటుదానికైతే ఎండిన కాయ మీద నీటిచుక్క పడితే టప్పున పేలి విత్తనం ఎగిరిపడుతుంది. దీనికి ఏడాదైనా ఒక్కటీ లేదు."

"ఇది ఢిల్లీ కనకాంబరం గదప్పా! దీనికి కాయ యాడ పడతాది? కొమ్మ ఇరిచి నాటాల్సిందే. బీరువా నిండా పుస్తకాలు పెట్టుకోని ఇది తెలీదా నీకు?"

"ఈ కొమ్మలు యాడివి?"

"ఇంగ్యాడివి? రూపనగుడిలో మీ అన్న తోటవే. నీకని చెప్తే ఆయప్పే కత్తిరించిచ్చినాడు. 'ఈసారైనా నాటుకోమను' అన్నాడు."

పంకజా, ఆ 'ఈసారైనా' నీకు అర్థం కావాలంటే ఇన్నేళ్ళూ దాచింది చెప్పాలి. అన్న ఏమీ పంపలేదని నీకు రాశాను. అబద్ధం. మరుసటి ఏడు యల్లప్ప అనే జీతగాడితో, తడిగోనెలో చుట్టి ఒక కట్ట కొమ్మలు పంపాడు. "నేనడిగింది విత్తనం, పొయ్యిలోకి పుల్లలు కాదు" అని కేకలేసి, ఆ కట్టను వసారాలో ఎండబెట్టాను. నాలుగో రోజు వేణ్ణీళ్ళ పొయ్యిలో నా చేత్తోనే పెట్టాను. పాపం, ఆయనా కాయ కోసం ఏడాది ఎదురుచూసి, పట్టదని తెలిశాక, పంపగలిగింది పంపాడు. నా మాట నమ్మి నువ్వు గృహప్రవేశానికి ఆయన్ని పిలవలేదు. ఆ పాపం నీది కాదు, నాది.

నీ మనవరాలి నామకరణానికి అన్నను పిలవాలా వద్దా అని అడిగి, నేను చెప్పినట్టే చేస్తానన్నావు. పిలువు. నాకంటే ముందు ఆయనకే రాయి. ఉయ్యాలకు కట్టే పూలు నేను తెస్తాను. ఎవరి తోట మొక్కవో ఆయన చూడగానే గుర్తుపడతాడు. పంక్తిలో ఆయన పక్కనే కూర్చుంటాను. నీకూ కొమ్మలే తెస్తున్నాను, విత్తనం కోసం కాచుకోకు.

అంతమాత్రాన అంతా మరచిపోయాననుకోకు. ఆ కట్టలో "దీనికి విత్తనం రాదు రాజూ" అని ఒక్క ముక్క రాసి పెట్టి ఉంటే ఇన్నేళ్ళు మాకు మిగిలేవి. యల్లప్ప ఏదో చెప్పబోతే నేను నోరెత్తనివ్వలేదు, ఒప్పుకుంటాను. కానీ కాగితం, కలం ఆయన ఇంట్లోనూ ఉన్నాయి కదా? అందుకే నేను ఇప్పటికీ తప్పు పట్టేది మన అన్న పంపాపతినే.

ఇట్లు,
పూలబుట్టతో బయలుదేరబోయే నీ చిన్నన్న,
రాజగోపాలయ్య