ప్రతి మోడల్‌కూ ఒక చీటీ

మార్చి 2, ఉదయం
శపథం! ఇవాళ్టి నుంచి మా ఫైళ్లన్నీ దాచే రిపాజిటరీలోకి వెళ్లే ప్రతి మోడల్‌కూ పక్కన ఒక చీటీ. అదే, మెటాడేటా. ఏ తోట ఫొటోలతో నేర్పాం, ఎప్పుడు తీశాం, ఎక్కడ వాడకూడదు. గులాబీ ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే యాప్ మాది. ఫొటోలతో నేర్పిన దాని బుర్రే మోడల్. చేవెళ్ల దారిలో కనకమామిడి అనే ఊళ్లోని ఫామ్‌హౌస్‌లో ఆఫీసు. ఉన్నది ఇద్దరమే, నేనూ భవితా. ఏ ఫైలు ఎవరు ఎప్పుడు మార్చారో రిపాజిటరీకి గుర్తుంటుంది. ఎందుకు మార్చామో మాత్రం మేమే చెప్పాలి. చెబుతాం!

మార్చి 3
మొదటి చీటీ పూర్తి. ఒకటిన్నర పేజీ! ముందుమాటతో సహా. భవిత చదివి, "సాయీ, ఇది మోడల్‌కా, పెండ్లి సంబంధానికా?" అంది. కుళ్లు.

మార్చి 9
చీటీలు క్లుప్తంగా ఉండాలని నిర్ణయం. ఇవాళ్టిది: "గులాబీ. బాగుంది."

మార్చి 14
బాల్‌రాజ్ అనే రైతు తోట ఫొటోలతో కొత్త మోడల్. తీరా చూస్తే, ఫొటోలకు ముందురోజే ఆ తోటలో బూడిద తెగులు రాకుండా గంధకం మందు కొట్టారట. ఆకుల మీది తెల్లటి మందు పొడినే మేం బూడిద తెగులని గుర్తులు పెట్టి నేర్పేశాం. "రైతులకు పంపకూడదు" అని చీటీలో రాయాలి. కానీ చేవెళ్ల బస్సు వచ్చేస్తోంది. రేపు రాస్తాను. ఎలాగూ నాకు గుర్తుంటుంది.

మార్చి 17
రాయలేదు. కారణాలు:
ఒకటి, ఆఫీసులో నెట్ లేదు.
రెండు, నెట్ వచ్చింది, కానీ అప్పటికి మొయినాబాద్‌లో బిర్యానీ తింటున్నాం.
మూడు, బాల్‌రాజ్ తోట మోడల్ పేరే "గులాబీ ఫైనల్ అసలుది" అని పెట్టాను. ఇక చీటీ దేనికి?

మార్చి 21
నేను సెలవులో. భవిత ఫోన్. "పరమేషన్న ఫోన్‌ల యాప్ ఎక్కిస్తున్న. రెండు ఫైనల్‌లు ఉన్నయి, ఏది పంపాలె?"
"అసలుది" అన్నాను.
యాప్ వాడబోయే మా మొట్టమొదటి రైతు! చేవెళ్ల పక్కనే ఎకరం గులాబీ. పెళ్లిళ్ల సీజన్ పూల మీదే ఆయన ఆశంతా. పార్టీ!

ఏప్రిల్ 2
మా బాపుది చేవెళ్లలో పురుగుమందుల దుకాణం. అన్నం తింటూ తెగ మురిసిపోయాడు. "నీ యాప్ మంచిగున్నదిరా. పరమేష్ మల్ల గంధకం కొంటపోయిండు. మందు కొట్టంగనే యాప్ ఇంకా బూడిద ఉన్నదంటదట."
ఎంత చురుకైన మోడల్! రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఏప్రిల్ 8
పరమేషన్న రమ్మంటే ఇద్దరం వెళ్లాం. ఆకులన్నీ అంచులు మాడిపోయాయి. మొగ్గలు ఎండి రాలుతున్నాయి. ఇంత ఎండలో అంత గంధకం పడితే ఏ మొక్క తట్టుకుంటుంది?
"మందు కొడితే యాప్ బూడిదన్నది. మల్ల కొట్టిన, మల్ల గదే మాట. జర అనుమానమొచ్చింది తమ్మీ. కని మీరు చేసిండ్రు గదా అని కొట్టిన" అన్నాడు.
ఎలాగూ గుర్తుంటుందనుకున్నది అప్పుడు గుర్తొచ్చింది. మందునే తెగులనుకునే మోడల్‌ను ఆయనకు పంపాం. ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.
పరమేషన్న మాడిన కొమ్మను పక్కకు వంచి, "ఇగ ఈ పెండ్లిల్లకు పూలు లేనట్టే. గీ ఆకుల ఫొటోలు గూడ తీస్కపో. ఇంకొకని తోట మాడొద్దు" అన్నాడు.

ఏప్రిల్ 9, ఉదయం
ఆ మోడల్‌ను ఆయన ఫోన్‌లోంచి తీసేశాం. శపథం మళ్లీ మొదలు! ముందు చీటీ, తర్వాతే మోడల్. నిన్నటి ఫొటోలతోనే ఆరంభం.
తోట: పరమేష్, చేవెళ్ల.
తేదీ: ఏప్రిల్ 8.
తెగులు: ఇక్కడ చెయ్యి ఆగిపోయింది. చివరికి రాశాను, "తెగులేమీ లేదు. ఆకులు మాడింది మా వల్ల."
ఎవరు రాశారు అన్నచోట నా పేరు పెట్టాను. భవిత చదివి, పక్కన తన పేరు కూడా చేర్చింది.