కళ్లం అవతలి సముద్రం

పెదకాకాని,
20 ఫిబ్రవరి 2025.

గౌరవనీయులైన శ్యామ్ సుందర్ గారికి,

నజ్మీన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మా అమ్మ బాగానే ఉన్నాం. ఈ ఉత్తరం చీమకుర్తి చేరేసరికి మీరూ, మీ అమ్మాయి రాగసుధా, గుంటూరు ఆసుపత్రిలో ఉన్న మీ భార్య జయకుమారి గారూ కాస్తయినా కుదుటపడి ఉండాలని కోరుకుంటున్నాను.

మీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. ఇంత ఆలస్యంగా జవాబివ్వడం తప్పని నాకు తెలుసు. జనవరిలో గుంటూరు కల్యాణమండపంలో బొమ్మల కథల పండుగ జరిపినవాళ్లు, స్టాల్ పెట్టుకున్న మా అందరికీ ఒక కాగితం ఇచ్చారు. కొనడానికి వచ్చినవాళ్లను ఎలా చూసుకోవాలో అందులో పద్నాలుగు నియమాలున్నాయి. లేచి నిలబడి పలకరించాలి. పుస్తకం మొత్తం చదివించకూడదు, నాలుగు పేజీలే చూపించాలి. పుస్తకంలో లేనిది ఉందని చెప్పకూడదు. ఫిర్యాదు వస్తే మూడు రోజుల్లో జవాబివ్వాలి. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. అందుకేనేమో, అచ్చులో ఉన్న మాట ఏదైనా నాకు కొంచెం భయంగానే ఉంటుంది. ఆ కాగితాన్ని స్కేలు పెట్టి గీతలు గీసుకుంటూ చదివాను. అయినా మీ విషయంలో ఒక్కటీ నిలబెట్టుకోలేకపోయాను. ముందుగా అందుకు క్షమించండి.

మీరు రాసింది నాకు ఎలా అర్థమైందో ఇక్కడ రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి. మా స్టాల్ దగ్గర ఒక పెద్దావిడ ‘ఎర్ర కళ్లం’ పుస్తకం తిప్పుతూ మీకు కథంతా చెప్పింది. మిరపకాయలు ఆరబోసిన కళ్లం, పొద్దు వాలేసరికి ఎర్రటి సముద్రమైపోతుంది. కాయలు కోసి కోసి చేతులు మండిపోతున్న ఒక తల్లి, గట్టున చెప్పులు విడిచి అందులోకి నడుస్తుంది. ఎర్ర నీళ్లు దాటి, అవతల నీలం నీళ్లలో చేతులు ముంచుతుంది. మంట చల్లారేదాకా అక్కడే కూర్చుని, కడుపునిండా నవ్వి, తడి చీరతో కూతురి దగ్గరకు తిరిగొస్తుంది. ఆ కథ విని మీరు రాగసుధ కోసం పుస్తకం కొన్నారు. మూడో తరగతి పిల్ల, తనే కూడబలుక్కుంటూ చదువుకుంది. చివరి పేజీలో గట్టు మీద చెప్పులు, పక్కన నిలబడ్డ పిల్ల, కింద ‘అమ్మ తిరిగి రాలేదు’ అని మూడు మాటలు.

అప్పట్నుంచి పాప వాళ్లమ్మ చెప్పులు పక్కలో పెట్టుకుని పడుకుంటోందని రాశారు. అమ్మ ఊరెళ్లిందని నాలుగు నెలలుగా మీరు చెబుతూ వచ్చిన మాట ఇప్పుడు నమ్మడం లేదని రాశారు. “చూపించింది ఒకటి, కట్టి ఇచ్చింది ఇంకొకటి. మా గ్రానైట్ ఫ్యాక్టరీలో ఇలా చేస్తే లారీని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపుతారు. నాకు డబ్బులు అక్కర్లేదమ్మా. ఆవిడ చెప్పిన పుస్తకం ఏదో అది పంపండి” అన్నారు. 

ఆ పెద్దావిడ మా అమ్మ. పేరు నసీమున్నీసా. ఇక్కడి షెడ్లలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఒకప్పుడు కోతలకూ వెళ్లేది. అక్షరం రాదు. నేను ఫ్లెక్సీలు వేసే దుకాణంలో డిజైనర్‌గా పనిచేస్తూ, సెలవు రోజుల్లో గీసుకున్న మొదటి పుస్తకం అది. రెండు రోజులు ఒక్కదాన్నే కూర్చోలేనని అమ్మను తోడు తీసుకెళ్లాను. పొద్దున్నే ఆ పద్నాలుగు నియమాలూ చదివి వినిపించాను. నాలుగు పేజీల నియమం దగ్గర అమ్మ నవ్వేసింది. “మచ్చు చూపించకుండా సరుకమ్ముతావంటే? మిర్చి యార్డులో బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి, కాయ తీసి, విరిచి, వాసన చూశాకే బేరం. పైన నాలుగు మంచి కాయలు పెట్టి మూతి కుట్టేసినోణ్ణి ఏమంటారో నన్నడుగు, చెబుతా” అంది. ఇక ఆ రెండు రోజులూ మా స్టాల్‌కు వచ్చిన ప్రతివాళ్లకూ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా మచ్చు చూపించింది.

మిగతా నియమాలదీ అదే గతి. మీరు చూసే ఉంటారు, బొమ్మల కథల్లోని వేషాలు కట్టుకొచ్చినవాళ్లతో ఆ హాలంతా నిద్రలో నడుస్తున్నట్టు ఉండేది. అట్ట రెక్కలు కట్టుకున్న అమ్మాయిలు, వెండి కాగితం కవచాలు, నీలం రంగు పూసుకున్న మొహాలు, అన్నీ ఫ్యాన్ల గాలిలో మెల్లగా ఊగుతూ వెళుతుండేవి. రావణుడి వేషం కట్టిన ఒక కాలేజీ కుర్రాడు చెమటలు కక్కుతూ మా ముందు ఆగితే, అమ్మ స్టీలు గ్లాసులో మజ్జిగ పోసి, “ఏమయ్యో పది తలలూ, ఏ నోటితో తాగుతావు? తొందరగా చెప్పు, అన్నిటికీ పొయ్యడానికి నా దగ్గర లేదు” అంది. అతను పడీ పడీ నవ్వాడు. పుస్తకం కొనలేదు. అమ్మకు అది నష్టంగా తోచనే లేదు.

మీకు కథ చెప్పినప్పుడు నేను అక్కడ లేను. హాలు ఆ చివర ఒకాయన రంగులు కలపడం గురించి పాఠం చెబుతుంటే వెళ్లాను. ఉండి ఉంటే దిద్దేదాన్ని.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించడానికి రెండు రోజులు వెనకాడాను. చదువు రాక బొమ్మలు చూసి తోచింది చెప్పి ఉంటుందనీ, తన వల్ల ఒక పసిపిల్ల ఏడ్చిందని తెలిస్తే తట్టుకోలేదనీ అనుకున్నాను. ఆఖరికి చదివాను. అమ్మ చేతులకు నూనె రాసుకుంటూ మొత్తం విని, “నాకు చదువు రాదు గానీ చెవులు లేవా? గీసేటప్పుడు ఒక్కో కాగితమూ నువ్వే చదివి వినిపించావుగా. ఆఖరిది విన్నాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. నువ్వు చూస్తేగా!” అంది.

అయితే తెలిసే మార్చావా అని అడిగాను.

“ఆయన పసిపిల్లకు కావాలన్నాడు. పసిపిల్ల చేతికిచ్చేదాంట్లో తాలు ఏరకుండా ఇస్తామా?” అంది. తాలంటే రంగు వెలిసిపోయిన మిరపకాయ. మంచి కాయల్లోంచి దాన్ని వేరుచేయడమే మా అమ్మకు ఇరవై ఏళ్లుగా పని. నేను రెండేళ్లు గీసిన పుస్తకంలో ఒక్క కాయ ఏరి పక్కన పడేసిందన్నమాట. నాకు రోషం వచ్చింది. అది తాలు కాదు, నాకు జరిగింది అన్నాను. అమ్మ నూనె గిన్నె మూత పెట్టి లేచి వెళ్లిపోయింది.

ఏం జరిగిందో మీకూ చెప్పాలి. నాకప్పుడు ఏడేళ్లు. అమ్మ మరో పదిమంది ఆడవాళ్లతో ట్రాక్టరెక్కి ఒంగోలు అవతలి పల్లెలకు మిరప కోతలకు వెళ్లింది. రెండు రోజుల్లో వస్తానంది. పన్నెండు రోజులు రాలేదు. మా ఇంట్లో ఫోను లేదు. పక్కింటి సుబ్బరావమ్మ గారు నాకు అన్నం పెట్టేవారు. సాయంత్రం కాగానే వెళ్లి కళ్లం గట్టు మీద నిలబడేదాన్ని. అటువైపు నుంచే ట్రాక్టరు రావాలి. పొద్దు వాలే వేళ ఆరబోసిన కాయలు ఒక్కసారి ముదురు రంగు తిరుగుతాయి. గాలి వీస్తే పైనున్న తేలిక కాయలు గలగలమంటూ కదులుతాయి. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగి, ఆ నీళ్లలోంచి చూస్తే నేలంతా పైకి లేచి కిందికి దిగుతున్నట్టే ఉండేది. అమ్మ దాని అడుగుకు వెళ్లిపోయిందని అనుకునేదాన్ని. గడప దగ్గర ఆమె పాత చెప్పులు అలాగే ఉన్నాయి.

పదమూడో రోజు అమ్మ వచ్చింది. నాకు జడ వేసింది, బడికి పంపింది. కానీ ఆ పన్నెండు సాయంత్రాలు ఏమయ్యాయో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పెద్దయ్యాక బొమ్మలు వేయడం మొదలుపెడితే చెయ్యి తనంతట తానే ఆ గట్టు దగ్గరకు వెళ్లింది. అమ్మ తిరిగి రాలేదని రాసింది ఇరవై నాలుగేళ్ల మనిషి కాదండీ. ఆ మాటను మీ రాగసుధ వెంటనే గుర్తుపట్టింది.

మీరడిగిన పుస్తకం అచ్చులో లేదు. అందుకే ఈ ఆలస్యం. ఈ కవర్లో ఆరు పేజీలు పెట్టాను. అమ్మ చెబుతుంటే నేను గీసి, రంగులు వేసినవి. పని నుంచి వచ్చాక రోజూ వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాం. అమ్మకు ఏదీ ఒక పట్టాన నచ్చేది కాదు. “అలలేంటే అంత మర్యాదగా వస్తున్నాయి, పెళ్లిచూపులకొచ్చినట్టు? కొంచెం మీద పడనీ” అని నాలుగుసార్లు చెరిపించింది. నీలం డబ్బా అయిపోయి మళ్లీ కొన్నాను. గీస్తూ గీస్తూ తల ఎత్తితే మా వాకిలి ఎక్కడో తేలుతున్నట్టుండేది. తెలియకుండానే కాళ్లు మంచం మీదికి లాక్కునేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం అమ్మ మాట వినలేదు. తల్లి తిరిగొచ్చిందని నేను రాయలేదు. జయకుమారి గారికి డాక్టర్లు ఏమన్నారో నాకు తెలియదు. నేను నిలబెట్టలేని మాట మీ పాప చేతిలో పెట్టలేను. దానికి బదులు, తల్లి అవతలి ఒడ్డున ఏం చేస్తోందో ఆరు పేజీలూ గీశాను. చేతులు ముంచుతోంది. జుట్టు ముడి వేసుకుంటోంది. చివరి పేజీలో పిల్లకు గట్టు మీద నుంచే తల్లి కనిపిస్తోంది.

చిన్నదాన్ని, మీ ఇంటి సంగతిలో మాట్లాడకూడదు. తప్పయితే మన్నించండి. ఆ పన్నెండు రోజులూ నన్ను భయపెట్టింది అమ్మ రాకపోవడం కాదు, ఎక్కడుందో తెలియకపోవడం. ఊరెళ్లిందంటే ఏ ఊరో, అక్కడ ఏం తింటుందో, ఎవరితో మాట్లాడుతుందో పిల్ల ఊహకు అందదు. ఆసుపత్రి అని చెప్పండి. ఎన్నో అంతస్తో, మంచం పక్కన కిటికీ ఉందో లేదో, ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చెప్పండి. వీలైతే ఒక్కసారి తీసుకెళ్లి చూపించండి. గుంటూరు వస్తే మా ఇల్లు ఎంతో దూరం కాదు. ఎండన పడి రావాల్సిన పనిలేదు, బస్టాండుకు నేనే వస్తాను.

పాత పుస్తకం తిప్పి పంపినా, దాచుకున్నా, చించేసినా మీ ఇష్టం. ఆరు పేజీలు చూసి రాగసుధ ఏమందో, తిట్టినా సరే, తన చేత్తోనే రెండు ముక్కలు రాయించండి. జయకుమారి గారికి మా అమ్మ దువా చేస్తున్నానని చెప్పమంది.

ఇట్లు,
మీ సహనానికి రుణపడిన
నజ్మీన్

తా.క.: కవరు అంటించబోతూ ఆగాను. పైన ఒక అబద్ధం రాశాను. పాఠానికి వెళ్లింది నిజమే, కానీ సగంలోనే వచ్చేశాను. మీరు అమ్మకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను స్టాల్ వెనక కట్టిన ఫ్లెక్సీ పక్కనే నిలబడి ఉన్నాను. కథలో తల్లి అప్పుడే చెప్పులు విడిచింది. కథ మారిపోతోందని తెలిసింది. ఒక్క అడుగు ముందుకేసి, “అయ్యా, పుస్తకంలో అలా లేదండీ” అంటే సరిపోయేది. మీ పాప అన్ని రోజులు ఏడ్చేది కాదు. పుస్తకం అమ్ముడుపోవాలని ఊరుకున్నానని మీరనుకుంటే నేను కాదనలేను.

కానీ నన్ను ఆపింది ఇంకొకటి. అమ్మ మీతో, ట్రాక్టరు డ్రైవరు “ఎక్కండే, కొత్తపట్నం మీ అత్తారిల్లా, పొద్దుపోతోంది” అని అరుస్తుంటే ఆడవాళ్లంతా వినకుండా మళ్లీ నీళ్లలోకి పరిగెత్తారని చెప్పింది. ఉప్పునీళ్లు తగలగానే చేతులు భగ్గుమని, ఆ తర్వాత చల్లబడ్డాయని చెప్పింది. నా బొమ్మల్లో ట్రాక్టరు లేదు. డ్రైవరు లేడు. ఒంగోలు పక్కన సముద్రపు ఒడ్డునున్న కొత్తపట్నం పేరూ లేదు. అది కల్పించిన కథ కాదు. ఆ పన్నెండు రోజుల్లో ఒక సాయంత్రం. నేను గట్టు మీద ఏడుస్తున్నప్పుడు తను నవ్వానని పదిహేడేళ్లు నాకు చెప్పుకోలేకపోయింది. ముక్కూమొహం తెలియని మీకు చెప్పింది. నాకు తెలుసని ఆమెకు ఇంకా తెలియదు. రేపు చెబుతాను.

దిద్దుదామనే అనుకున్నానండీ. అమ్మ నా కళ్లెదుటే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. అయినా ఆ తల్లి తిరిగొచ్చిందో లేదో వినేదాకా నా కాళ్లు కదల్లేదు.